పెరుగు తోడుకున్న రోజు ఎవరూ అడగరు

(రాజమహేంద్రవరంలో సాయంత్రం నడకకు వచ్చే పెద్దల సమావేశంలో ఒక రిటైర్డ్ సైకాలజీ మేష్టారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ వాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినబడుతోందా? సరే.

సెక్రటరీ గారు ఫోన్ చేసి, "మేష్టారూ, సంతోషంగా ఉండటం ఎలా అని ఓ గంట మాట్లాడండి" అన్నారు. గంట మాట్లాడితే ఉన్న సంతోషం కూడా పోతుందండీ, అరగంట చాలన్నాను. సంతోషం మొత్తం గురించి చెప్పడం నా వల్ల కాదు. అందులో ఒక్క ముక్క తీసుకుంటాను. మనకి ఎవరు ఏం చేశారో గుర్తుపెట్టుకోవడం, గుర్తుందని వాళ్ళకి చెప్పడం. కృతజ్ఞత అంటాం కదా, అది. ఆ మాట అనగానే కొందరి మొహాలు మారాయి, నాకు ఇక్కణ్ణుంచి కనబడుతోంది. "పొద్దున్నే వాట్సాప్‌లో గులాబీ పువ్వుతో వచ్చేది ఇదేగా" అనుకుంటున్నారు. అవునండీ, దాదాపు అదే. ఆ పువ్వు ఒక్కటి తీసేసి మాట్లాడుకుందాం.

ముందు ఒకటి అడుగుతాను. నిన్న రాత్రి మీ ఇంట్లో పెరుగు ఎవరు తోడుపెట్టారు? చేతులు ఎత్తక్కర్లేదు. అదిగో, అటువైపు ఆడవాళ్ళు నవ్వుతున్నారు, మగవాళ్ళు పక్కకి చూస్తున్నారు. ప్యాకెట్ పెరుగు వాళ్ళు కాసేపు ఓపిక పట్టండి. తోడుపెట్టడమంటే ఏముంది అనుకుంటాం. పాలు కాచాలి. గోరువెచ్చన అయ్యేదాకా ఆగాలి. వేలు ముంచి చూస్తారు. మరీ వేడిగా ఉంటే పాడైపోతుంది, చల్లారిపోతే తోడుకోదు. మధ్యాహ్నం అందరూ గిన్నె ఊడ్చేసే ముందే ఓ చెంచా పెరుగు తోడుకని తీసి పక్కన పెట్టాలి. అది ఎవరో ఒకరికి గుర్తుండాలి కదా? చలికాలంలో అయితే ఆ గిన్నెని వెచ్చగా ఉండే చోటు చూసి పెడతారు. ఇదంతా మనం టీవీ కట్టేసి పడుకున్నాక జరిగే పని. రోజూ జరిగే పని. ఆ గిన్నె గురించి మనం నోరు విప్పేది ఎప్పుడు? తోడుకోని రోజు. "ఏమిటివాళ పెరుగు నీళ్ళలా ఉంది?" అంటాం. తోడుకున్న రోజు ఎవరూ అడగరు.

మనం చెడ్డవాళ్ళం కాబట్టి అడగటం లేదని నేను అనను. అలవాటైంది కనబడకపోవడం మనసు స్వభావం. కొత్త ఫ్యాన్ కొన్న రోజు దాని గాలి తెలుస్తుంది. నాలుగు రోజులు పోయాక కరెంటు పోయినప్పుడే తెలుస్తుంది. అమెరికాలో 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన తోటి పరిశోధకులు లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని ప్రశ్నలు అడిగారు. మామూలు మనుషుల కంటే వాళ్ళు చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు. అంతకంటే విచిత్రం ఏమిటంటే, స్నేహితుడితో కబుర్లు చెప్పుకోవడం, పొద్దున టిఫిన్ తినడం, ఓ జోకు వినడం, ఇలాంటి చిన్న చిన్న వాటిలో వాళ్ళకి కలిగే ఆనందం మిగతా వాళ్ళకంటే తక్కువ. 22 మందిని చూసి లోకం మొత్తాన్ని తేల్చేయకూడదు, ఆ మాట నేనే ముందు ఒప్పుకుంటాను. కానీ కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం అయిన ఆరు నెలలకి, "హాలు ఇంకో రెండడుగులు పెంచుకోవాల్సింది" అనని మనిషిని మీరెవరైనా చూశారా?

అలవాటు తెర దించేస్తుంది. కృతజ్ఞత చేసే పని ఆ తెర కాస్త ఎత్తి చూడటం. అంతకు మించి దానికి మహిమలు అంటగట్టకండి.

సరే, చూస్తే ఏమవుతుంది? 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు ఒక పరిశోధన అచ్చువేశారు. కాలేజీ విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికోసారి తమకు మేలనిపించినవి ఐదింటి దాకా రాయాలి. ఇంకో గుంపు విసుగు పుట్టించినవి రాయాలి. మూడో గుంపు ఊరికే ఏం జరిగిందో రాయాలి. పది వారాలు ఇలా నడిచింది. మేలు రాసుకున్న వాళ్ళు తమ జీవితం మీద కాస్త ఎక్కువ తృప్తి చెప్పారు, ఒంట్లో బాగోలేదనే ఫిర్యాదులు తగ్గాయి, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. నాకు బాగా నచ్చింది అదే వ్యాసంలో ఉన్న ఇంకో భాగం. నరాలు, కండరాల జబ్బులున్న వాళ్ళతో 21 రోజులు ఇదే పని చేయించారు. వాళ్ళకి నిద్ర మెరుగైంది. మన వయసు వాళ్ళకి నిద్ర అంటే చిన్న విషయమా? ఇక్కడ రాత్రి రెండింటికి లేచి కూర్చునే వాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, ఆ టైములో నాకు ఫార్వర్డులు వస్తూ ఉంటాయి.

ఇది విని రేపు అందరూ డైరీలు కొనేస్తారేమో, ఆగండి. సోన్యా లుబోమిర్‌స్కీ అనే ఆవిడ ఇదే పనిని ఆరు వారాలు చేయించి చూశారు. కొందరు వారానికి ఒకసారి రాశారు, కొందరు మూడుసార్లు రాశారు. ఎవరికి లాభించింది? ఒకసారి రాసిన వాళ్ళకి. మూడుసార్లు రాసిన వాళ్ళకి పెద్దగా ఏమీ కాలేదు. ఎందుకు అంటారా? రోజూ రాస్తే అది కూడా అలవాటైపోతుంది. "ఆరోగ్యం, పిల్లలు, దేవుడి దయ" అని రాసి పడుకుంటాం. మర్నాడు మళ్ళీ "ఆరోగ్యం, పిల్లలు, దేవుడి దయ". ఏ తెర ఎత్తుదామని మొదలుపెట్టామో అదే మళ్ళీ దిగింది.

కాబట్టి వారానికి ఒక్కసారి. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక అనుకోండి. కానీ రాసేటప్పుడు మనిషి పేరు రాయండి, ఆ మనిషి చేసిన పని రాయండి. "మా కోడలు మంచిది" అని రాస్తే లాభం లేదు. "మంగళవారం నా కంటి చుక్కల మందు అయిపోయిందని నేను చెప్పకముందే చూసి, ఆఫీసు నుంచి వస్తూ తెచ్చింది" అని రాయండి. మొదటిది సర్టిఫికెట్. రెండోది రాయాలంటే ఆ మంగళవారం మీ కళ్ళ ముందుకు రావాలి. ఆ అమ్మాయి మెడికల్ షాపు దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆపడం, చీటీ గుర్తుపెట్టుకోవడం, ఇవన్నీ కనబడాలి. మనసు మీద పనిచేసేది ఆ కనబడటమే.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాను. కృతజ్ఞత పేరుతో మనం చేసే పనుల్లో కొన్ని కృతజ్ఞతే కాదు.

మొదటిది, "మనకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళని చూసి సంతోషించండి" అంటారు. పెద్దలు చెప్పిన మాటే, కాదనను. కానీ ఎవరికో కాలు లేదని నా కాలు చూసుకుని మురిసిపోతే, అందులో ఆ మనిషి ఏమయ్యాడు? నాకు ఊరట ఇవ్వడానికా ఆయన కాలు పోగొట్టుకుంది? అది పోలిక. రేపు మనకంటే బాగున్నవాడు ఎదురైతే అదే పోలిక మనల్ని కాలుస్తుంది.

రెండోది, నోరు మూయించడానికి వాడటం. మూడు నెలలుగా జీతం ఇవ్వని యజమాని, "అసలు ఉద్యోగం ఉన్నందుకు సంతోషించు" అంటాడు. అత్తింట్లో నలిగిపోతున్న పిల్లతో, "తిండికి లోటు లేదు కదమ్మా" అంటారు. ఇవి వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. రావాల్సింది రానప్పుడు అడగాలి. అడగటానికీ కృతజ్ఞతకీ తగాదా లేదు. మనసు పూర్తిగా కుంగిపోయిన మనిషికి కూడా "నీకున్నవి లెక్కపెట్టుకో" అని చెప్పకండి. తర్వాత జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే డిప్రెషన్, ఆందోళనల మీద ఈ రాతల ప్రభావం తక్కువేనని తేలింది. అలాంటి వాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. రాసుకోండి.

మూడోది, చేసిన మేలుని బాకీలా గుర్తుచేయడం. మన ఇళ్ళలో ఇది ఎక్కువ. సెక్రటరీ గారు నాకు ముందే కొన్ని చీటీలు ఇచ్చారు, అందులో ఒకటి చదువుతాను. "మా అబ్బాయిని అప్పు చేసి చదివించాం. ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. వారానికి ఒక్కసారి ఫోన్. ఈ తరానికి కృతజ్ఞత నేర్పడం ఎలా?" పేరు రాయలేదు. రాయకపోవడమే మంచిది, ఇక్కడున్న సగంమంది రాసినట్టే ఉంది.

ఫిలిప్ వాట్కిన్స్ అనే ఆయన బృందం 2006లో ఒక సంగతి చూపించింది. మేలు చేసినవాడు తిరిగి ఏదో ఆశిస్తున్నాడని తెలిసే కొద్దీ మేలు పొందినవాడిలో బాకీ పడ్డాననే భావం పెరుగుతుంది, కృతజ్ఞత తగ్గుతుంది. మళ్ళీ చెప్తాను. బాకీ పెరుగుతుంది, కృతజ్ఞత తగ్గుతుంది. రెండూ ఒకటే అనుకుంటాం, కాదు. అప్పులవాడు ఎదురొస్తే ఏం చేస్తాం? పక్క సందులోకి తిరుగుతాం. ఫోన్ ఎత్తిన ప్రతిసారీ "నిన్ను ఎలా చదివించామో, మీ అమ్మ గాజులు ఎలా తాకట్టు పెట్టామో" అని మొదలుపెడితే, పిల్లాడికి ఆ ఫోను వడ్డీ కట్టే రోజు అవుతుంది. ఆ గాజుల సంగతి అబద్ధం కాదు. వాడికి తెలియకా కాదు. నేనైతే ఏం చేయమంటానంటే, వచ్చే ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు వాడు మీకు చేసినవాటిలో ఒకటి చెప్పండి. "పోయినసారి వచ్చినప్పుడు బాత్‌రూములో ఆ పట్టుకునే రాడ్డు బిగించి వెళ్ళావు చూడు, మొన్న కాలు జారితే అదే ఆపిందిరా" అనండి. తర్వాత నోరు మూసుకుని వినండి. కృతజ్ఞత నేర్పే పద్ధతి నాకు తెలిసి అదొక్కటే, వాళ్ళ ముందు మనం చేసి చూపించడం.

మన జాతికి కృతజ్ఞత తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనం గోదావరి గట్టున కూర్చుని ఉన్నాం. ఆ కింద ధవళేశ్వరం. 1833 ప్రాంతంలో గుంటూరు వైపు డొక్కల కరువు వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు. గోదావరి జిల్లాల్లోనూ కరువు, తర్వాత 1839లో తుఫాను. పక్కన నది పారుతూనే ఉంది, చేలో నీళ్ళు లేవు. 1847లో ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట మొదలుపెట్టారు, 1852కి అయిపోయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయలకు అడ్డంగా. ఆ తర్వాత డెల్టా ఏమైందో మీకు నేను చెప్పాలా? ఇవాళ కోనసీమలో విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు చెప్పి, భగీరథుడితో పోల్చి స్మరించే పురోహితులు ఉన్నారు. పుష్కరాల్లో పితృదేవతలతో పాటు ఆయనకీ పిండం పెట్టిన వాళ్ళున్నారు. ఏ దేశం, ఏ మతం? అదెవరూ అడగలేదు. నీళ్ళిచ్చాడు, అంతే.

"మేష్టారూ, ఈస్టిండియా కంపెనీ వాడు శిస్తు కోసం కట్టించాడు కదా" అని ఎవరో ఒకరు అంటారు. కంపెనీ శిస్తు కోసమే డబ్బిచ్చింది, నిజమే. కాలవలు వదిలేసి రైళ్ళ మీద డబ్బు తగలేస్తున్నారని కాటనే ప్రభుత్వంతో ఏళ్ళ తరబడి పోట్లాడాడు. ప్రభుత్వాన్ని తిట్టుకుంటూనే ఆ మనిషికి దణ్ణం పెట్టవచ్చు. మన ముందు తరాల వాళ్ళు చేసింది అదే.

నా పేచీ వేరే. వీణం వీరన్న గారి పేరు ఇక్కడ ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ఊఁ, బాగా తక్కువ. కాటన్ దగ్గర ఉండి ఆనకట్ట పని నడిపించిన వాళ్ళలో ముఖ్యుడు, మన తెలుగువాడు. ఆయన కింద రాళ్ళు మోసిన వాళ్ళు, మట్టి తవ్విన వాళ్ళు వేలమంది. వాళ్ళ పేర్లు ఎక్కడా దొరకవు. మన కృతజ్ఞత పెద్ద విగ్రహం దగ్గర ఆగిపోతుంది, దాని వెనక్కి వెళ్ళదు. దసరాకి లారీ కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొడతాం. ఆ లారీని ఏడాదంతా రాత్రిళ్ళు నిద్ర మానుకుని నడిపిన డ్రైవరుకి ఏం చెప్తాం? "గుమ్మడికాయ ముక్కలు తుడిచెయ్యరా, టైర్లు జారతాయి" అంటాం. కనుమకి ఎద్దుకి దణ్ణం పెడతాం, పాలేరుకి పెట్టం. వస్తువుకీ పశువుకీ చెప్పడం తేలిక, మనిషికి చెప్పాలంటేనే గొంతు పెగలదు.

ఎందుకు పెగలదు? సిగ్గు. "ఇంట్లో వాళ్ళకి, రోజూ చూసే వాళ్ళకి చెప్పడం ఏమిటి, నాటకంలా ఉంటుంది" అనుకుంటాం. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో సరిగ్గా దీన్నే పట్టుకున్నారు. కొంతమంది చేత తమకు మేలు చేసిన వాళ్ళకి ఉత్తరాలు రాయించారు. అందుకున్నవాళ్ళు ఏమనుకుంటారో ముందే ఊహించి చెప్పమన్నారు. తర్వాత అందుకున్నవాళ్ళనే అడిగారు. రాసినవాళ్ళు "ఇబ్బందిగా ఫీలవుతారేమో" అని భయపడినంత ఇబ్బంది అవతల లేదు. వాళ్ళు ఊహించిన దానికంటే ఎక్కువ ఆశ్చర్యం, ఎక్కువ ఆనందం ఉన్నాయి. మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అని మనం కొట్టుకుంటాం, అందుకున్నవాడు అది చూడనే చూడడు. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ఇంకాస్త ముందుకెళ్ళింది. ఉత్తరం రాసి, స్వయంగా వెళ్ళి ఇవ్వమన్నారు. వాళ్ళు పరీక్షించిన పద్ధతుల్లో వెంటనే ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే. అయితే నెల రోజులు నిలిచింది, తర్వాత పలచబడింది. నెల చాలదా? మళ్ళీ ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి, మనకి మేలు చేసినవాడు ఒక్కడే ఉన్నాడా?

కోనసీమలో నాకో రైతు స్నేహితుడు ఉన్నాడు. ఆయనది కాలవ శివారు భూమి, అంటే నీళ్ళు చివరగా చేరే చోటు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు వంతులవారీగా వదులుతారు కదా, పైవాళ్ళు తోడేసుకుంటే శివారుకి బురదే వస్తుంది. లాకుల దగ్గర ఒక లస్కరు, అంటే కాలవ నీళ్ళు చూసుకునే ఉద్యోగి, ఉండేవాడు. ప్రతి సంక్రాంతికీ ఆయనకి మావాడు ధాన్యం పంపేవాడు. పంపడమే, ఏనాడూ నోరు విప్పి ఒక మాట అనలేదు. మామూలు ఇచ్చినట్టే అయిపోయింది అది. ఆ లస్కరు రిటైర్ అవుతున్నాడని తెలిసి, మావాడు వెళ్ళి కూర్చుని చెప్పాడు. "ఫలానా ఏడాది మా పెద్దమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాను. చేను ఈనిక మీద ఉంది, వెన్ను తీసే సమయం. మా వంతు రోజున నీళ్ళు రాలేదు. రాత్రి నువ్వు కాలవ గట్టంతా నడిచి, ఎక్కడ అడ్డుకట్ట వేశారో చూసి, తీయించావు. ఆ పంట రాకపోతే ఆ పెళ్ళి లేదు." ఆయన కాసేపు మాట్లాడలేదట. తర్వాత, "ఆ రాత్రి గట్టు మీద తాచు అడ్డం వచ్చిందండీ. టార్చి కూడా ఆరిపోయింది. ఇంట్లో చెప్తే తిడతారని ఎవరికీ చెప్పలేదు" అన్నాడట. చూశారా? అన్నేళ్ళు ధాన్యం బస్తాలు వెళ్ళాయి కానీ ఆ తాచు సంగతి బయటికి రాలేదు. పేరు పెట్టి, ఆ రాత్రిని గుర్తుచేసి చెప్పాక వచ్చింది. మావాడు ఆ వారమంతా ఎవరు కనబడితే వాళ్ళకి ఇదే చెప్పాడు. నాకైతే రెండుసార్లు చెప్పాడు.

టైము చూసుకుంటున్నారు, నాకూ తెలుసు. ఇంకొక్క చీటీ ఉంది, దీనికి జవాబు చెప్పి దిగిపోతాను. "నేను చెప్పాలనుకున్న మనిషి పోయారు. ఇప్పుడేం చేయను?"

వాళ్ళ పిల్లలకి చెప్పండి. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర గమనించారా, ఏదో ఊరి నుంచి ఒకాయన వస్తాడు, ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కొడుకు చెయ్యి పట్టుకుని, "మీ నాన్నగారు నా పరీక్ష ఫీజు కట్టారు బాబూ" అంటాడు. ఆ కొడుకు తెల్లబోయి చూస్తాడు. వాడికి తెలిసిన నాన్న పేపరు చదువుకుంటూ విసుక్కునే నాన్న. ఫీజు కట్టిన నాన్న ఆ రోజే పరిచయం అవుతాడు. కర్మ అయిపోయి ఏళ్ళు గడిచినా ఫరవాలేదు. పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నారో కనుక్కోండి. ఫోన్ అయినా చేయండి, ఉత్తరం అయితే ఇంకా మంచిది, దాచుకుంటారు. ఏ ఏడాది, ఏ ఊరు, ఎంత డబ్బు, ఏ పని, అన్నీ రాయండి. ఈ చీటీ రాసినవాళ్ళకి అడ్రసు దొరక్కపోతే నన్ను కలవండి. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన వాళ్ళు మన నడక బ్యాచ్‌లోనే ముగ్గురున్నారు, వాళ్ళని అడుగుదాం.